బియ్యం ఉన్నయ్, పప్పు లేదు

మార్చి 23, 2025, ఆదివారం

అవసరమైన ఇండ్లకు సరుకులు ఇవ్వడానికి మా పట్నం హమాలివాడలో వీధి మూల మీది గది ఖాయమైంది. ఇంటావిడ కిరాయి వద్దంది, కరెంటు బిల్లు మేం కట్టుకుంటే చాలు. ఆటో వాకిలి దాకా వస్తుంది కాబట్టి సంచులు దింపడం తేలిక. నేల మాత్రం చెమ్మ పీలుస్తుంది. బల్లలు రాకముందు ఒక్క సంచీ లోపల పెట్టొద్దు.

ఏమేం ఇవ్వాలో మాట్లాడుకోవడానికి కూర్చున్నవాళ్లలో సింగరేణి స్టోర్సులో చేసి రిటైరైన అన్న, బట్టలు కుట్టే అక్క, ఒకప్పుడు గూడ్స్ షెడ్డులో మూటలు మోసిన కాక, డిగ్రీ చదివే ఇద్దరు పిల్లలు, వీధివాళ్లు ఇంకొందరు. మొదటి మాట బియ్యం మీదనే వచ్చింది. ఎవరు ఎన్ని బస్తాలు ఇస్తారో రాసుకోవడం కూడా మొదలైంది. అక్క అడ్డం పడింది: "బియ్యం ఎందుకన్నా? మా వాడకట్టుల బియ్యం లేని ఇల్లు యాడనో ఒకటి. పప్పు లేని ఇండ్లు చూడుండ్రి, మీకే తెలుస్తది."

లెక్క చూస్తే అక్క మాటే నిజం. కార్డులో పేరున్న ప్రతి మనిషికి రేషన్ దుకాణంలో నెలకు 6 కిలోలు వస్తాయి, పైసా లేకుండా. ఐదుగురున్న ఇంటికి 30 కిలోలు. ఇంట్లో అన్నం ఉడుకుతుంది. అందులోకి ఏమిటన్నదే రోజూ పొద్దున లేచి వెతుక్కోవలసిన సంగతి. చింతపండు, ఉల్లిగడ్డ ఉన్ననాడు పచ్చిపులుసు. అవీ లేనినాడు ఉప్పూ కారం.

రిటైరైన అన్నకు పాత సంగతి గుర్తొచ్చింది. 2013 ఉగాదికి ఉమ్మడి రాష్ట్రంలో ‘అమ్మహస్తం’ పేరుతో తొమ్మిది సరుకులు 185 రూపాయలకు ఇచ్చారు. స్టోర్సులో పనిచేసిన మనిషి కదా, వరుస తప్పకుండా చెప్పాడు: కందిపప్పు, పామాయిల్, గోధుమపిండి, గోధుమలు, చక్కెర, చింతపండు, ఉప్పు, కారంపొడి, పసుపు. ఆ పథకం ఎక్కువకాలం నడవలేదు. కానీ ఆ జాబితా మాత్రం వంటింటి అవసరం తెలిసి రాసింది. దాన్నే గోడ మీద రాసుకున్నాం. గోధుమలు కొట్టేసి గుడ్లు చేర్చాం. కింద సబ్బు రాశాం. బియ్యం చివరన, చిన్న అక్షరాల్లో.

మార్చి 24

ఐదేండ్ల కింద సరిగ్గా ఈ రోజుల్లోనే లాక్‌డౌన్. ఆ ఏడాది రాష్ట్ర ప్రభుత్వం కార్డున్న ఇండ్లలో మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు ఇచ్చింది. వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలకు మనిషికి 12 కిలోలు, 500 రూపాయలు. మంచి పనే. ఇటుకబట్టీ దగ్గర గుడిసె వేసుకుని ఉన్నవాళ్లను అది కాపాడింది. కానీ సొంతూరికి నడక మొదలుపెట్టిన మనిషికి 12 కిలోల బియ్యం మోత. పొయ్యి లేదు, గిన్నె లేదు. వాళ్లకు కావలసింది అటుకులు, అరటిపండ్లు, బిస్కెట్లు, నీళ్లు, కాళ్లకు చెప్పులు.

అందుకే మొదటి అర పొయ్యి లేనివాళ్లది. రైలు దిగి పని కోసం చూసేవాళ్లు, బస్టాండులో పడుకునేవాళ్లు, ఒంటరి ముసలివాళ్లు. వండుకునే సరుకు ఆ అరలో పెట్టం.

మార్చి 30, ఉగాది

హుజూర్‌నగర్‌లో ఈరోజు ముఖ్యమంత్రి సన్నబియ్యం పంపిణీ మొదలుపెట్టారు. ఎల్లుండి నుంచి మన దుకాణాల్లోనూ సన్నబియ్యమే. దొడ్డుబియ్యం తెచ్చుకుని తక్కువకు అమ్మి, ఆ డబ్బుకు ఇంకొంత కలిపి సన్నవి కొనుక్కున్న ఇండ్లు ఎన్నో. ఇకనుంచి తెచ్చుకున్న బియ్యం ఇంట్లోనే ఉడుకుతాయి. నాకు నిజంగా సంతోషంగా ఉంది.

రేపు రంజాన్. పండుగ నమాజుకు ముందే ఫిత్రా దానం ఇవ్వాలి కాబట్టి పక్క వీధి చాచా ఈ సాయంత్రమే గోధుమపిండి, సేమియా, చక్కెర ఎక్కువగా తెచ్చాడు. పేరు రాస్తానంటే వద్దన్నాడు. ఇచ్చింది ఎవరికి చేరుతుందో కూడా అడగలేదు.

ఏప్రిల్ 13

తెరిచాం. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర. ఈ సమయం కాక చెప్పినదే. గనుల్లో మొదటి షిఫ్టు పొద్దున ఏడుకు మొదలై మూడింటికి వదులుతుంది. కాంట్రాక్టు పనివాళ్లు ఇల్లు చేరేసరికి నాలుగు దాటుతుంది. మున్సిపాలిటీ ఊడ్చే అక్కలు తెల్లవారకముందే బయలుదేరి మధ్యాహ్నం పడుకుంటారు. కూలికి పోయినవాళ్లు చీకటి పడ్డాకే వస్తారు. పైగా, "పట్టపగలు సంచి పట్టుకొని ఈ గల్లీలకెల్లి ఎట్ల నడుస్తరు బిడ్డా" అన్నాడు. నిజమే.

ఒకే తీరు సంచి కట్టి చేతిలో పెడితే పని తొందరగా తెములుతుందని పిల్లలు అడిగారు. ఆ ఒక్కటీ నేను ఒప్పుకోలేదు. ఇంటికి నెలకు ఆరు సరుకులు, ఏవి కావాలో వాళ్లే అరల్లోంచి తీసుకోవాలి. మొదటి సాయంత్రమే ఎందుకో తెలిసింది. షుగర్ ఉన్న అవ్వ చక్కెర ముట్టలేదు, బదులు రెండు పప్పులు తీసుకుంది. పండ్లు లేని తాత రవ్వ అడిగాడు. బట్టీలో పనిచేసే ఒడియా దంపతులు ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, ఆవనూనె అన్నారు. ఆవనూనె మా దగ్గర లేదు, రాసుకున్నాం. ఒక చిన్నమ్మ ఆరింట్లో మూడు సబ్బులే తీసుకుంది. ముగ్గురు ఆడపిల్లల ఇల్లు. కట్టిన సంచిలో ఈ సంగతులేవీ పట్టవు.

ఏప్రిల్ 27

బడులు 24 నుంచి మూతబడ్డాయి, జూన్ 12 దాకా. ఎండ సంగతి చెప్పేదే లేదు, పదకొండు దాటితే రోడ్డు మీద మనిషి కనబడడు. సర్కారు బడిలో మధ్యాహ్న భోజనంతో పాటు వారానికి మూడు గుడ్లు ఉంటాయి. సెలవులంటే ఆ భోజనమూ లేదు, ఆ గుడ్లూ లేవు. అంగన్‌వాడీకి పోయే చిన్నపిల్లల కంటే ఐదు నుంచి పది చదివే పిల్లలున్న ఇండ్లకే ఈ ఏడు వారాలు గడ్డుకాలం. ఎదిగే పిల్లలు, ఆకలి ఎక్కువ.

కాబట్టి మే నెల డబ్బంతా గుడ్లకూ పల్లీలకూ. ఈ ఎండకు గుడ్డు నిలవ ఉండదు, వారానికి రెండుసార్లు తేవాలి, ఆ రోజుకారోజు పోవాలి. బెల్లం కలిపిన పల్లీపట్టీలు చేసిస్తామని ఇద్దరు అక్కలు ముందుకొచ్చారు. చేసే ముందు చేతులు కడుక్కోవడం, తల కట్టుకోవడం, చేసిన తేదీ ప్యాకెట్ మీద రాయడం. అన్న ఈ మూడూ అట్టమీద రాసి గోడకు వేలాడదీశాడు.

పెండ్లిళ్ల కాలం కదా, మిగిలిన బిర్యానీ పంపుతామని ఫోన్లు. ఎండాకాలంలో వండినది వద్దని చెప్తున్నాం. వండిన అన్నం అందరికీ చేర్చడం వేరే పని. దానికి వేడి తగ్గకుండా ఉంచే డబ్బాలు, బండి, గంటల లెక్క కావాలి. మిగిలిన ఆహారం పంచడానికి 2019లో ఆహార భద్రతా సంస్థ ప్రత్యేకంగా నిబంధనలే చేసింది. అవి పాటించే శక్తి మాకు లేదు. పెండ్లివాళ్లనే వాకిట్లో బంతి వేసి పెట్టమంటున్నాం.

మే 18

ఈ వారం మాట పెరిగింది. సొంతిల్లున్న ఒకావిడ వచ్చి సరుకులు తీసుకుందని, ఇకనుంచి ఆధార్, రేషన్ కార్డు చూసి ఇవ్వాలని కొందరి పట్టు. ఆవిడ ఇల్లు సొంతమే. భర్త మంచంలో ఉన్నాడు. గోడలు తినలేరు కదా. ఈ సంగతి ఎదురింటామెకు తెలుసు, కార్డుకు తెలియదు.

పస్తాపూర్ సంగతి చెప్పాను అందరికీ. జహీరాబాద్ దగ్గర డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో మహిళా సంఘాలు 1990లలో సొంత రేషన్ నడిపాయి. బీడుపడ్డ చెల్కలను సాగులోకి తేవడానికి రైతుకు సంఘం సాయం చేసేది. రైతు ఆ అప్పును డబ్బుగా కాక జొన్నలుగా తీర్చేవాడు. ఆ జొన్నలు ఊళ్లోనే నిలవ చేసి, వానకాలంలో ఇండ్లు ఖాళీ అయ్యే నెలల్లో పేదవాళ్లకు తక్కువ ధరకు ఇచ్చేవాళ్లు. నన్ను పట్టిన సంగతి అది కాదు. ఎవరు పేద అన్నది ఊరే బహిరంగంగా కూర్చుని తేల్చింది. నేల మీద ఊరి పటం గీసి, ఒక్కో ఇంటి సంగతీ మాట్లాడుకుని, ఎక్కువ అవసరమున్న ఇంటికి ఎక్కువ జొన్నలు రాశారు. చదువుకోని దళిత స్త్రీలు చేసిన ఈ లెక్క ఏ ఆఫీసు సర్వే కంటే తక్కువ కాదని నా నమ్మకం. ఆ సంస్థను నడిపిన పి.వి. సతీశ్ 2023 మార్చిలో పోయారు. మన దగ్గర ఆయనను తలచుకోవలసినంత తలచుకోలేదు.

ఊళ్లో అందరికీ అందరూ తెలుసు కాబట్టి అక్కడ అది కుదిరింది. కిరాయి ఇండ్ల పట్నంలో పక్కింటి పేరు తెలియనివాళ్లున్నారు. నలుగురి ముందు ఒక ఇంటి లేమిని చర్చకు పెడితే ఆ ఇల్లు మళ్లీ గడప తొక్కదు. అందుకని మేం తీసుకున్న నిర్ణయం: కార్డు అడగం, కారణం అడగం. గది తెరిచే నలుగురిలో ఇద్దరు మాత్రం సరుకులు తీసుకునే ఇండ్లవాళ్లే ఉండాలి. ఎవరు రావడం మానేశారు, ఎవరు సిగ్గుపడి రాలేకపోతున్నారు, ఎవరింటికి చీకట్లో పంపాలి, ఇవన్నీ వాళ్లకే తెలుస్తాయి.

మే 25

గింజలు ఊళ్లోనే నిలవ చేసుకోవడం మన ఉమ్మడి ఆదిలాబాద్‌కూ కొత్త కాదు. 1940లో కొమురం భీం చనిపోయాక గోండుల స్థితి చూడడానికి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో ఉన్నాడు. ఆ దశాబ్దంలోనే నిజాం ప్రభుత్వం గిరిజన గూడేల్లో ధాన్యం బ్యాంకులు పెట్టింది. వానకాలంలో గింజలు అప్పు తెచ్చుకుని, పంట వచ్చాక కాస్త కలిపి తిరిగి పోయాలి. షావుకారి దగ్గర గింజల వడ్డీకి, అంటే నాగుకు, తెస్తే కట్టవలసినదానికీ దీనికీ పోలికే లేదు. 1996–97లో కేంద్రం గ్రామ ధాన్య బ్యాంకుల పథకం తెచ్చినప్పుడు కూడా ముందు గిరిజన ప్రాంతాలనే చూసింది.

మాది తిరిగి పోసే బ్యాంకు కాదు. అయినా మొన్న ఒకామె, పోయిన నెల రెండు నూనె ప్యాకెట్లు తీసుకున్నామె, ఒకటి తెచ్చి అరలో పెట్టింది. "పని దొరికిందన్నా." అంతే చెప్పింది.

జూన్ 7, బక్రీద్

జూన్, జులై, ఆగస్టు మూడు నెలల బియ్యం ఈ నెలే ఇస్తున్నారు. మనిషికి 18 కిలోలు. ఐదుగురికి 90. వానలకు బండ్లు తిరగవని ముందుచూపుతో చేశారు, సరే. ఒంటిగది ఇంట్లో 90 కిలోలు ఎక్కడ పెడతారు? మంచం కింద, తడిగోడ పక్కన. వాన పడిందంటే ముక్కపురుగు.

ఈ నెల మా పని సరుకులివ్వడం కంటే డబ్బాలు వెతకడం. ఆయిల్ మిల్లు వాళ్లు ఖాళీ రేకు డబ్బాలు ఇచ్చారు. కడిగి, రెండెండలు ఎండబెట్టి, మూతలు సరిచేసి పంచాం. కాక ఇంటింటికీ తిరిగి చూపిస్తున్నాడు: సంచి నేలకు తగలొద్దు, గోడకు జానెడు దూరం ఉండాలి, ఎండిన వేపాకు పొరలు పొరలుగా వేయాలి, పచ్చి ఆకు వేస్తే చెమ్మ పట్టి బూజు వస్తుంది.

కొందరు ఎక్కువైన రేషన్ బియ్యం మా గదికే తెచ్చారు. మంచి మనసుతో తెచ్చారు, అయినా తీసుకోలేదు. రేషన్ బియ్యం చేతులు మారి మహారాష్ట్ర వైపు పోయే దందా ఈ దారిలో ఏళ్లుగా ఉంది, పట్టివేతలు పేపర్లో చూస్తూనే ఉన్నాం. మా గదిలో అవి బస్తాలుగా కనబడితే ఎవరికీ చెప్పుకోలేం. పక్కింట్లో కార్డు లేనివాళ్లుంటే వాళ్లకు వండి పెట్టమన్నాం.

జూన్ 22

ఫొటోలు. ఇచ్చేవాళ్లు తీసుకునేవాళ్లతో కలిసి దిగుతామంటారు. సరుకుల ఫొటో తీసుకోండి, బిల్లు ఫొటో తీసుకోండి, మనుషులది వద్దు. దీనివల్ల ఒక పెద్ద దాత తగ్గారు. తగ్గనీ.

జూలై 13

2022లో ఇదే రోజున కడెం ప్రాజెక్టు గేట్ల మీద నుంచి నీళ్లు పోతున్నాయని ఊరంతా మేలుకుంది. గోదావరి ఎదురుతన్ని రాళ్లవాగు వెనక్కి పొంగింది. ఎన్టీఆర్ నగర్, రాంనగర్ ఇండ్లలో నీళ్లు. గోదావరి ఒడ్డునున్న మాతా శిశు ఆస్పత్రి నుంచి బాలింతలను తరలించారు.

అప్పుడు ఊరు బాగా కదిలింది, పులిహోర ప్యాకెట్లు కుప్పలుగా వచ్చాయి. కష్టం నీళ్లు తీశాక మొదలైంది. పొయ్యి బురదలో, బియ్యం తడిసి మొలకెత్తాయి, ఉప్పు కరిగిపోయింది, కార్డు కాగితాలు పాడయ్యాయి. పులిహోర తెచ్చినవాళ్లు అప్పటికి ఇండ్లకు పోయారు. అందుకే ఈ నెల అటకమీద వేరే నిలవ పెట్టాం: అటుకులు, పేలాలు, బెల్లం, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, బ్లీచింగ్ పౌడర్, క్లోరిన్ బిళ్లలు. దీన్ని మామూలు రోజుల్లో ముట్టొద్దు. సెప్టెంబర్ దాటాక అటుకులు పంచేసి వచ్చే ఏడు కొత్తవి.

జూలై 15

నిన్న తిరుమలగిరిలో కొత్త రేషన్ కార్డుల పంపిణీ మొదలైంది. ఏళ్ల తరబడి ఆగిన పని. పెండ్లయి వేరుపడ్డ కొడుకులు, కార్డులో ఎక్కని పిల్లలు మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది. మీసేవలో పెట్టిన దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో డిగ్రీ పిల్లలు ఫోన్లో చూసి చెప్తున్నారు. కార్డు వచ్చిన ఇల్లు మా దగ్గర బియ్యం అర వైపు చూడనక్కర్లేదు. సరుకులిచ్చే గదిలో ఈ కాగితం పని కూడా జరగాలి.

ఆగస్టు 17

"ఒక్కడే వచ్చి అన్నీ ఎత్తుకపోతే?" అని ఇంకా అడుగుతున్నారు. ఫిలిప్పీన్స్‌లో 2021 ఏప్రిల్‌లో, కరోనా రెండో ఏడాది, అనా పాట్రీషియా నాన్ అనే యువతి క్వెజాన్ సిటీలోని మగిన్హావా వీధిలో వెదురు బండి మీద సరుకులు పెట్టింది. ఇవ్వగలిగినంత ఇవ్వండి, అవసరమైనంత తీసుకోండి అని రాసిపెట్టింది. కొద్ది రోజుల్లోనే దేశమంతా వందల బండ్లు లేచాయి. ఎక్కువ పట్టుకుపోయినవాళ్లు అక్కడా ఉన్నారు. బండ్లు మాత్రం ఆ కారణంగా ఆగలేదు.

మా దగ్గర ఎక్కువ తీసుకున్నాడని పేరుపడ్డ మనిషి తన వాడలో నడవలేని ముగ్గురు ముసలివాళ్లకు మోసుకుపోతున్నాడట. అక్క పోయి చూసొచ్చింది. వాళ్ల పేర్లు కూడా పుస్తకంలో ఎక్కించి, సంచులు అతని చేతికే ఇస్తున్నాం. వాళ్లలో ఒకావిడకు నెలకు 2,016 రూపాయల పింఛను. మందులకే పోతుంది.

సెప్టెంబర్ 21, పెత్రమాస

పెద్దలకు బియ్యమిచ్చే రోజు. ఈ వారమంతా ఇంటింటికీ చెప్పి వచ్చాం: అయ్యగారికి ఇచ్చేది ఇవ్వండి, మీ నాయన పేరిట, మీ అవ్వ పేరిట ఇంకొక పాలు మా గదికి పంపండి. పొద్దున తొమ్మిదికే వరుస కట్టారు. పప్పు, చింతపండు, ఉప్పు, కారం, బీరకాయలు, గుమ్మడికాయ, చిన్న గిన్నెలో నెయ్యి. ఒకాయన వాళ్లమ్మకు ఇష్టమని టీపొడి, చక్కెర తెచ్చాడు. తెచ్చిన ప్రతివాళ్లూ చనిపోయిన మనిషి పేరు చెప్పి అరలో పెట్టారు. అన్న ఆ పేర్లనే పుస్తకంలో రాశాడు, ఇచ్చినవాళ్ల పేర్లు కాదు.

గది తెరిచాక ఇంత సరుకు ఏ రోజూ రాలేదు. దానం చేయమని అడగడం కంటే ఉన్న ఆచారానికి ఇంకో గడప చూపడం మేలు.

సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. గది ముందే ఆడారు.

సెప్టెంబర్ 23

సింగరేణి లాభాల వాటా ప్రకటించారు. కార్మికులకు 34 శాతం, మొత్తం 819 కోట్లు. కాంట్రాక్టు కార్మికులకు మనిషికి 5,500. పర్మినెంటు మనిషికి వచ్చేది సగటున లక్షా తొంభై వేలు దాటింది. ఒకే బొగ్గు, ఒకే దుమ్ము. దసరా ముందు మా గదికి వచ్చే ఇండ్లలో కాంట్రాక్టువాళ్లు ఎందుకు ఎక్కువో ఈ రెండు అంకెలు చెప్తాయి. కాంట్రాక్టు మనిషికి సరైన జీతం వచ్చేదాకా ఈ గది అవసరం తీరదు. ఆ మాట గోడ మీద కూడా రాయాలని అన్నను అడిగాను. ఆయన పాత మిత్రుల వాటాల్లో ఎంతెంత రావాలో అప్పటికే కాగితం మీద వేస్తున్నాడు.

అక్టోబర్ 5

లెక్కల పుస్తకం ఈరోజు నుంచి బట్టలు కుట్టే అక్క దగ్గర. ఆమెది ఏప్రిల్‌లో గది తెరిచిన వారమే సరుకులు తీసుకున్న ఇల్లు. తాళం చెవులు రెండు, రెండోది చిన్నమ్మ దగ్గర, ముగ్గురు ఆడపిల్లల తల్లి. అన్న వారానికొకసారి వచ్చి సరిచూస్తాడు. మిగతాదంతా వాళ్లదే.

ఈ నెల కొనవలసినవి అక్క రాసింది: కందిపప్పు రెండు సంచులు, విడిగా తెచ్చి ఇక్కడే కిలో చొప్పున కట్టాలి, అట్లయితే చౌక. పెసరపప్పు ఒకటి. మంచినూనె లీటరు ప్యాకెట్లు. ఆవనూనె పది, బట్టీలు దసరా తర్వాత మొదలవుతాయి, ఒడియావాళ్లు వస్తారు. చింతపండు కొత్తది వచ్చేదాకా కొంచెమే. బట్టల సబ్బు ఎక్కువ. బియ్యం వద్దు.